పాత వాల్‌పేపర్ తీయించేటప్పుడు బేరం దేని మీద ఆడాలి

మన అపార్టుమెంట్లలో వాల్‌పేపర్ ఇల్లంతా ఉండదు. హాల్లో టీవీ వెనక గోడ, బెడ్‌రూమ్‌లో మంచం తలవైపు గోడ, పిల్లల గదిలో ఒక పక్క, అంతే. గృహప్రవేశం హడావుడిలో ఇంటీరియర్ వాళ్లు అతికించి వెళ్లిన ఆ కాగితం కొన్నేళ్లకు అంచుల దగ్గర లేస్తుంది. జాయింట్లు నల్లబడతాయి. ఏసీ కింద ఒకచోట ఉబ్బుతుంది. అప్పుడు పెయింటర్‌ని పిలిస్తే, "ఇదెంత పని సార్, పూటలో పీకేస్తాం" అంటాడు. పీకడం నిజంగానే పూట పని. ఆ పూటలో గోడకు ఏమైందో మాత్రం కొత్త రంగు వేసిన నెలకో రెండు నెలలకో బయటపడుతుంది.

వాల్‌పేపర్ తీయడాన్ని విడి పనిగా చూడటం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. ఇంటివాళ్లకు కావలసింది మళ్లీ రంగు వేయడానికో, కొత్త కాగితం అతికించడానికో సిద్ధంగా ఉన్న గోడ. కాగితం ఊడిన గోడకీ, అలా సిద్ధమైన గోడకీ మధ్య చాలా పని ఉంది: జిగురు కడగాలి, గోడ ఆరాలి, పెచ్చులు లేచినచోట లప్పంతో (పుట్టీతో) పూడ్చాలి, రుద్దాలి, రంగు కింద పూతగా ప్రైమర్ వేయాలి. ధర చెప్పేవాడు కాగితం ఊడదీసే ముక్కకే చెబుతాడు. వినేవాళ్లు మొత్తానికి అనుకుంటారు. తర్వాత వచ్చే గొడవల్లో చాలావరకు ఇక్కడినుంచి పుట్టినవే.

ముందు గోడ మీద ఉన్నదేమిటో చూడాలి. ఇక్కడ ఎక్కువగా కనిపించేది వినైల్ రకం. పైన డిజైన్ ఉన్న పీవీసీ పొర, దాని వెనక పల్చటి కాగితం. అంచు దగ్గర గోరుతో లేపి నెమ్మదిగా లాగితే పై పొర చాప చుట్టినట్టు వచ్చేస్తుంది. చూస్తుంటే హాయిగా ఉంటుంది. గోడ మీద మాత్రం తెల్లగా, కాస్త నూగుగా ఒక పొర మిగులుతుంది. తెల్లగా ఉంది కదా, ఇదే గోడ అనుకుంటారు. అది వాల్‌పేపర్ అడుగు కాగితం. వేలు తడిచేసి రుద్దితే తేడా తెలిసిపోతుంది. లప్పమైతే వేలికి పిండిలా అంటుతుంది, లేదా అసలేమీ అంటదు. కాగితమైతే తడికి రంగు ముదిరి, నలిగి, చిన్న చిన్న ఉండలు కడుతుంది.

ఈ అడుగు కాగితాన్ని అలాగే ఉంచి దాని మీదే లప్పం లాగేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. లప్పంలోని నీళ్లు కాగితంలోంచి దిగి పాత జిగురును మళ్లీ తడుపుతాయి. జిగురు పట్టు వదులుతుంది, కాగితం సాగి ఉబ్బుతుంది, పైన లప్పం ఆరుతూ బిగుసుకుంటూ ఆ వదులైన కాగితాన్ని తనతో పాటు లాగుతుంది. కొన్నాళ్లకు అరచేతంత బుడగలు, వాటి చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. సినిమా పోస్టర్ మీద పోస్టర్ వేసిన గోడను చూడనివాళ్లు ఉండరు. ఒక గట్టి వాన పడగానే అన్ని పొరలూ కలిసి అట్టలా వంగి వేలాడతాయి. అక్కడ మైదా జిగురుకు, వాననీళ్లకు మధ్య జరిగిందే ఇంట్లో పాత జిగురుకు, లప్పానికి మధ్య జరుగుతుంది. కాస్త నెమ్మదిగా జరుగుతుంది, అంతే తేడా.

పాత కాగితం మీదే కొత్త కాగితం అతికించడం కూడా దీనికి తోబుట్టువే. పై బరువంతా పాత జిగురు మీద పడుతుంది, పాత జాయింట్లు కొత్త డిజైన్ కిందినుంచి గీతల్లా తేలతాయి. ఇంకో ఐదేళ్లకు తీయాల్సి వస్తే పని రెట్టింపు.

అన్ని రకాలూ ఇంత ఇబ్బంది పెట్టవు. నాన్‌వోవెన్ అనే రకం తడిసినా సాగదు, చాలాసార్లు పొడిగా లాగినా నిలువు పట్టీ మొత్తం ఒకే ముక్కగా ఊడివస్తుంది. ఆన్‌లైన్‌లో కొని సొంతంగా అంటించుకునే స్టిక్కర్ రకానికి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి తగిలిస్తూ లాగితే చాలు. ఈ రెండింటికీ డబ్బులిచ్చి మనిషిని పిలవాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. ఒక ఆదివారం చాలు.

మనిషి అవసరం వచ్చేది రెండు చోట్ల: జిగురు మొండిదైనప్పుడు, గోడ బలహీనమైనప్పుడు. వాల్‌పేపర్ కోసం అమ్మే పొడి జిగురు పిండి నుంచో, సెల్యులోజ్ నుంచో తయారైంది. వేడినీళ్లకు అది మళ్లీ మెత్తబడుతుంది. కానీ గట్టిగా పట్టాలని దాంట్లో కొంత తెల్ల జిగురు, అంటే వడ్రంగులు చెక్కకు వాడే పీవీఏ రకం, కలిపేవాళ్లూ ఉన్నారు. అతికించిన రోజున అది మంచి పనిగానే కనిపిస్తుంది. తీసే రోజున మాత్రం వేడినీళ్లు పోసినా సగమే కదులుతుంది. అలాంటిచోట ఆవిరి యంత్రం కావాలి, ఓపిక అంతకంటే కావాలి.

గోడ సంగతి ఇంకా ముఖ్యం. ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టరింగ్, దాని మీద తెల్ల సిమెంటు లప్పం, ఆపైన ప్రైమర్. ఈ వరుసలో ఉన్న గోడ తడికి తట్టుకుంటుంది. ప్రైమర్ వేయకుండా పచ్చి లప్పం మీదే కాగితం అతికించి ఉంటే జిగురు లప్పంలోకి ఇంకిపోయి ఉంటుంది. లాగితే కాగితంతో పాటు లప్పం కూడా రొట్టె మీది పొరలా లేచి వస్తుంది. ఆ రోజు ప్రైమర్ మీద మిగుల్చుకున్న డబ్బుకు ఇప్పుడు గోడంతా రెండు చేతుల లప్పం, అంటే రెండు పూతలు, పెట్టించి వడ్డీతో కట్టాలి. కొత్త అపార్టుమెంట్లలో లోపలి గోడలకు జిప్సం ప్లాస్టర్ వాడటం పెరిగింది. దాన్ని ఎక్కువసేపు నానబెడితే మెత్తబడి బ్లేడు దిగబడుతుంది. గదిని రెండు చేయడానికి కట్టిన జిప్సం బోర్డు గోడకు పైన ఉండేదే కాగితం. వాల్‌పేపర్ తీస్తూ దాన్ని చించేస్తే బోర్డు సత్తువ పోతుంది. పాత ఇళ్లలో సున్నం మీదో డిస్టెంపర్ మీదో అతికించిన కాగితం చేత్తో పట్టుకుంటేనే వచ్చేస్తుంది. దాంతో పాటు సున్నం పొరలూ వస్తాయి. తేలిగ్గా ఊడిందని సంబరపడటానికి లేదు, కింద మిగిలిన వదులు పొరంతా గీకకపోతే పైన ఏ రంగూ నిలవదు.

అందుకే గోడను చూడకుండా, వాట్సాప్‌లో ఫొటో చూసి చెప్పిన ధరకు విలువ లేదు. పని తెలిసినవాడు వచ్చి ముందు గోడను వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. డొల్ల శబ్దం ఎక్కడ వస్తుందో వింటాడు. సోఫా వెనకో, కర్టెన్ చాటునో, కనిపించని మూల ఒక అడుగు మేర కాగితాన్ని తీసి చూస్తానంటాడు. పై పొర లేపి, అడుగు కాగితం మీద గోరువెచ్చటి కంటే కాస్త ఎక్కువ వేడి నీళ్లు చల్లి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగుతాడు. ఈ ఆగడం దగ్గరే మనిషి పనితనం తెలిసిపోతుంది. తొందరపడేవాడు ఐదు నిమిషాలకే బ్లేడు పెట్టి గీకుతాడు. తెలిసినవాడు మరోసారి తడిపి, కాగితం అంచు తనంతట తాను వదులైందని చూశాకే బ్లేడును గోడకు దాదాపు ఆనించి, పడుకోబెట్టి తోస్తాడు. నిలబెట్టి గీకితే ప్రతి తోపుకీ లప్పంలో ఒక గాటు పడుతుంది. అనుభవం ఉన్నవాళ్ల లప్పం బ్లేడు మూలలు చూస్తే గుండ్రంగా అరగదీసి ఉంటాయి. గోడకు గాట్లు పడేది ఆ పదును మూలల వల్లే మరి. పనికి వచ్చినవాడి సంచిలో ఈ ఒక్క బ్లేడు చూసినా కొంత అంచనాకు రావచ్చు.

అడగాల్సిన ప్రశ్నలు ఇంటివాళ్లవే అనుకోనక్కర్లేదు. ఎదుటివాడు ఏం అడుగుతున్నాడో కూడా గమనించాలి. కింద ప్రైమర్ వేశారా, ఎన్నేళ్లైంది, ఈ గోడకు అవతలవైపు బాత్‌రూమ్ ఉందా అని అడిగాడంటే ఆ మనిషికి పని తెలుసు. ఎన్ని అడుగులు అని మాత్రమే అడిగితే అతను లెక్క కట్టడానికి వచ్చాడు.

ఇంతకీ ఎవరిని పిలవాలి? మన ఊళ్లలో దీనికే ప్రత్యేకంగా ఉన్న పనివాళ్లు అరుదు. వాల్‌పేపర్ షాపు పంపే మనిషి, పెయింటింగ్ మేస్త్రీ, యాప్‌లో బుక్ చేసుకునే సర్వీసు. ఈ ముగ్గురిలో ఎవరో ఒకరు చేస్తారు. ముగ్గురికీ చేతనవును, కానీ ముగ్గురి లాభం వేర్వేరు చోట్ల ఉంది. షాపు మనిషికి కొత్త రోల్ అమ్ముడవడం ముఖ్యం. కాబట్టి "పాతది ఫ్రీగా తీసేస్తాం" అంటారు. ఫ్రీగా తీసేది మాత్రం చాలాసార్లు పై పొర వరకే. యాప్ మనిషి సమయానికి వస్తాడు, బిల్లు ఇస్తాడు, కానీ అతనికి ఇచ్చిన గంటల్లో పని ముగియాలి. నానబెట్టి ఆగడం ఆ గంటల్లో ఇమడదు. మేస్త్రీకి లప్పం, రంగు పనిలో డబ్బు వస్తుంది కాబట్టి తీసే పనిని తొందరగా దాటేయాలని ఉంటుంది. అయినా రంగు వేయించేది ఉంటే మేస్త్రీకే మొత్తం అప్పగించడం మేలు. తీసింది ఒకరు, రంగు వేసింది ఇంకొకరు అయితే రేపు పెచ్చు లేచినప్పుడు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. ఒకే చేతి పని అయితే ఆ దారి మూసుకుపోతుంది.

ఇక బేరం. చదరపు అడుగుకింత అని మాట్లాడుకోవడం రంగు పనిలో అలవాటు, కాగితం తీయడానికీ అదే లెక్క వాడుతున్నారు. అది ఇంటివాళ్లకు మంచిది కాదు. అడుగు లెక్కన డబ్బొచ్చేవాడికి ఎంత తొందరగా గీకితే అంత లాభం. గోడ దెబ్బతింటే ఆ లప్పం కూడా అడుగు లెక్కనే వస్తుంది. అంటే పాడుచేసినందుకు కూడా డబ్బే. తీసే పనిని రోజు కూలికి, లప్పం నుంచి రంగు దాకా అడుగు లెక్కకు మాట్లాడుకుంటే ఈ చిక్కు పోతుంది. రోజు కూలి అంటే సాగదీస్తారన్న భయం సహజమే. కానీ ఒకే గోడకు మామూలుగా పట్టేది పూట నుంచి రోజు, మొండి జిగురైతే ఇంకొంత. సాగదీసినా ఒక పూట కూలి పోతుంది. తొందరలో గోడంతా గాట్లు పడితే పోయేది దానికి ఎన్నో రెట్లు.

అడుగు లెక్క తప్పదంటే అడుగులైనా సరిగా కొలవాలి. ఇక్కడ అమ్మే మామూలు రోల్ 21 అంగుళాల వెడల్పు, 10 మీటర్ల పొడవు, అంటే సుమారు 57 చదరపు అడుగులు. 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గోడకు ఏడు నిలువు పట్టీలు పడతాయి. రోల్‌కు మూడే పట్టీలు వస్తాయి కాబట్టి అప్పట్లో మూడు రోల్స్ కొని ఉంటారు. ఇప్పుడు రోల్స్ లెక్కన కొలిస్తే 171 అడుగులు, టేపు పెట్టి కొలిస్తే 120. అతికించేటప్పుడు వృథా అయిన ముక్కలకు తీసేటప్పుడు మళ్లీ డబ్బు కట్టడంలో అర్థం లేదు.

లప్పం ఎంత పడుతుందన్నది కాగితం తీసేదాకా ఎవరూ చెప్పలేరు. నిజాయితీ ఉన్న మేస్త్రీ కూడా చెప్పలేడు. కాబట్టి ఎంత అవుతుందని పట్టుబట్టే బదులు ధర మాత్రం ముందే అనుకోవాలి: ఒక చెయ్యి లప్పానికి అడుగుకింత, రెండు చేతులకింత, ఎంత మేర అన్నది గోడ తేలాక ఇద్దరూ కలిసి చూసి. ఫోన్‌లో మెసేజ్‌గా రాసుకున్నా చాలు. జిగురు కడగడం, ఫర్నిచర్ జరపడం, నేల మీద కప్పడం, చెత్త తీసుకెళ్లడం కూడా అందులో ఉన్నాయో లేవో రాసుకోవాలి. బిల్లు అడగాలి. చిన్న మేస్త్రీలు జీఎస్టీ వేయకపోవడం తప్పేమీ కాదు. సేవల పనిలో సాధారణంగా ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితేనే నమోదు తప్పనిసరి. పని చెడిపోయి మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ చెప్పుకోవడానికి చేతిలో ఏదో ఒక రాత ఉండాలి.

కాగితం కింద చెమ్మ ఉంటే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. వినైల్ పొర గోడకు ప్లాస్టిక్ కోటు లాంటిది. గోడలోకి వచ్చిన తేమ బయటికి ఆరిపోలేక వెనకే ఉండిపోతుంది. అక్కడ బూజు పెరుగుతుంది, జిగురే దానికి మేత. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఏసీ గది గోడలకు ఇది మరీ ఎక్కువ. కాగితం ఎక్కడ లేచిందో చూస్తే నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కొంత ఊహించవచ్చు. నేలనుంచి అడుగు, రెండడుగుల ఎత్తు వరకే పాడైతే అవతలి బాత్‌రూమ్ టైల్స్ జాయింట్లనో, పునాది చెమ్మనో అనుమానించాలి. పై మూలలో అయితే స్లాబు లేదా పై ఫ్లాట్. కిటికీ పక్కన నిలువుగా అయితే కిటికీ చుట్టూ ఉన్న పగులు. తెల్లటి ఉప్పు పొడిలా రాలుతుంటే నీళ్లు చాలాకాలంగా వస్తున్నట్టే. ఇలాంటి గోడకు లప్పం పెట్టి రంగు వేస్తానన్న మేస్త్రీని ఆపాలి. ముందు లీకేజీ, తర్వాత గోడ ఆరడం, ఆ తర్వాతే లప్పం. వాటర్‌ప్రూఫ్ ప్రైమర్ ఒకటి లోపలివైపు పూసేస్తే పోతుందని చెబుతారు. నీళ్లు వచ్చే దారి మూయకుండా లోపల ఏం పూసినా ఆ తేమ పక్కనుంచో పైనుంచో దారి వెతుక్కుంటుంది.

బూజు కనిపిస్తే పొడిగా గీకనివ్వకూడదు. తడిపి తీయాలి, పనివాళ్లకు ఎన్95 మాస్కు ఇవ్వాలి, ఆస్తమా ఉన్నవాళ్లనూ పసిపిల్లలనూ ఆ రోజుకు ఇంకో ఇంట్లో ఉంచితే మంచిది. కాగితం కింద పాత ఆయిల్ పెయింట్ ఉన్న ఇళ్లలో ఇంకో జాగ్రత్త. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగును పొడి ఉప్పుకాగితంతో రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా చేరుతుంది. నేల మీద పాకే పిల్లలున్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. తడిపి రుద్దాలి, తడిగుడ్డతో తుడవాలి. అమెరికాలో పాత ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లకు ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. అక్కడ 1978కి ముందు కట్టిన ఇంట్లో రంగును కదిలించే పనులు డబ్బు తీసుకుని చేసే కాంట్రాక్టర్లకు సాధారణంగా ఈపీఏ (అక్కడి పర్యావరణ సంస్థ) ఇచ్చే సీసం సర్టిఫికెట్ ఉండాలి. అక్కడి గోడలు ఎక్కువగా జిప్సం బోర్డువి కూడా, కాబట్టి నీళ్ల వాడకంలో రెట్టింపు జాగ్రత్త కావాలి.

నీళ్లూ ఆవిరీ వాడే పని కాబట్టి ఆ గదికి కరెంటు వెళ్లే ఎంసీబీ స్విచ్ ఆపేసి, స్విచ్‌బోర్డు ప్లేట్లు విప్పి, డబ్బాలకు టేపు వేశాకే మొదలుపెట్టాలి. ఇది ఇంటివాళ్లే దగ్గరుండి చేయించాలి. పనివాళ్లు ఫ్యాన్ కోసం కరెంటు వదిలేయమంటారు, పక్క గదినుంచి ఎక్స్‌టెన్షన్‌తో టేబుల్ ఫ్యాన్ పెట్టివ్వడం మేలు. నేల పాలరాయి అయితే పాత పేపర్లు పరవద్దు, తడికి అక్షరాల సిరా రాయికి పడుతుంది. ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత దుప్పటి. పట్టీల చెక్క ఫ్లోరింగ్ అయితే అంచులకు కూడా టేపు వేయాలి, నీళ్లు దిగితే ఉబ్బుతుంది.

అద్దె ఇంట్లో వాల్‌పేపర్ అంటించుకున్నవాళ్లు ఖాళీ చేసే నెలలో దీని గురించి తలపట్టుకుంటారు. చాలాచోట్ల పెయింటింగ్ కింద అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె కోసుకోవడం వాడుక. అది కోసుకునే ఓనర్, వాల్‌పేపర్ తీసిన గోడకు అదనంగా లప్పం ఖర్చు కూడా అడగవచ్చు. ముందే ఓనర్‌ని పిలిచి, మూల ఒకటి తీసి చూపించి, ఎవరి ఖర్చు ఏదో తేల్చుకుంటే ఆఖరి రోజు టెన్షన్ ఉండదు.

వీలుంటే జనవరి నుంచి మే వరకు ఈ పని పెట్టుకోవాలి. జూన్ నుంచి వానలు, నెల్లూరు వైపు అక్టోబర్, నవంబర్‌లలో ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో కడిగిన గోడ ఆరడానికే వారం చాలదు. ఆరని గోడ మీద పెట్టిన లప్పం గురించి ఏ మేస్త్రీ ఇచ్చిన హామీకీ అర్థం లేదు.

కాగితం మొత్తం వచ్చాక గోడను శుభ్రమైన వేడినీళ్లతో, స్పాంజితో, నీళ్లు మారుస్తూ కడగాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టునే, ఎందుకంటే జిగురు కంటికి కనిపించదు. గోడ మీద కాసిని నీళ్లు చల్లి అరచెయ్యి ఆనిస్తే, జిగురు మిగిలినచోట సబ్బు పట్టినట్టు జారుతుంది. పిండి జిగురైతే మరో పరీక్ష ఉంది: మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్‌ను నీళ్లలో కలిపి, దూదితో ఒకటి రెండు చోట్ల అద్దితే జిగురు ఉన్నచోట నీలి నలుపుకు తిరుగుతుంది. స్కూల్లో బంగాళాదుంప ముక్క మీద చేసిన ప్రయోగమే. ఆ మచ్చలు లప్పం కిందకే పోతాయి కాబట్టి భయం లేదు. జిగురు వదిలేసి రంగు వేస్తే, అది ఆరేటప్పుడు పై పొరను లాగి మొసలి చర్మంలా పగుళ్లు తెస్తుంది. అప్పుడు తప్పంతా పెయింటు కంపెనీ మీదకు పోతుంది.

తీసిన వినైల్ ముక్కలు సంచుల్లో కట్టి మున్సిపాలిటీ చెత్త బండికి పొడి చెత్తగా ఇవ్వాలి. పక్క ఖాళీ ప్లాటులో వేసి నిప్పంటించనివ్వకూడదు, పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తులను మండిస్తుంది.

డబ్బు మూడు ముక్కలుగా ఇవ్వడం మంచిది: మొదలుపెట్టిన రోజు కొంత, జిగురు కడిగి గోడ తేలాక కొంత, ప్రైమర్ ఆరాక మిగతాది. ఆ చివరి ముక్క ఇచ్చే ముందు చీకటి పడ్డాక గదిలో లైట్లన్నీ ఆపి, ఫోన్ టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకోవాలి. పగలు కనిపించని గాట్లు, అతుకులు, చిన్న బుడగలు అన్నీ నీడలు వేస్తాయి. ఒక్కోదాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి పెడితే మర్నాడు మేస్త్రీ వచ్చి వాటిని పూడ్చి, రుద్ది, ప్రైమర్ అద్దుతాడు. రంగు డబ్బా మూత తీయాల్సింది ఆ తర్వాతే.